రెండు రిపోర్టులు రెండు మాటలు చెప్తుంటే: కీమో తీసుకోవాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఫైలు తెరిస్తే ఒక కాగితం మీద "గ్రేడ్ 3" అని ఉంటుంది. దాని వెనక కాగితం మీద "రికరెన్స్ స్కోరు 18, ముప్పు తక్కువ" అని ఉంటుంది (జబ్బు తిరగబెట్టే ముప్పు ఎంతో గడ్డ జన్యువులను పరీక్షించి ఇచ్చే అంకె అది). ఒక డాక్టరు కీమో మొదలుపెడదాం అంటారు. ఇంకో డాక్టరు హార్మోన్ మాత్రలు చాలంటారు. మా అక్క విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అక్క ఖమ్మంలో టీచరు, అప్పటికి 46 ఏళ్ళు. గడ్డ 1.8 సెంటీమీటర్లు, చంకలో గ్రంథులకు పాకలేదు, ఈఆర్ పాజిటివ్ (అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం), హెర్-2 (కణాలను వేగంగా పెంచే ప్రోటీన్) నెగటివ్. నేను బ్యాంకు ఉద్యోగిని, డాక్టర్ని కాను. కానీ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఐదు వారాలు ఆ ఫైలు మోసింది నేనే.

మొదట్లో నేను "ఏ రిపోర్టు కరెక్టు?" అని అందర్నీ అడుగుతూ తిరిగాను. అది తప్పు ప్రశ్న. చాలాసార్లు రెండూ కరెక్టే అవుతాయి, వాటిని అడిగిన ప్రశ్నలే వేరు. ఏ కాగితం ఏ ప్రశ్నకి జవాబో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ముందు క్యాలెండర్ చూడండి

ఆపరేషన్ తేదీ రాసుకోండి. కీమో ఇవ్వాల్సి వస్తే మామూలుగా 4 నుంచి 6 వారాల్లో మొదలుపెడతారు. 90 రోజులు దాటాక మొదలుపెట్టినవాళ్ళలో ఫలితాలు తగ్గాయని కాలిఫోర్నియా క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో కనిపించింది. అంటే రేపే తేల్చుకోవాల్సిన పని లేదు, అలాగని మూడు నెలలు నానబెట్టడానికీ లేదు. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేని రకం) అయినా, హెర్-2 పాజిటివ్ అయినా ఇంకా త్వరపడాలి.

ఆపరేషన్ నుంచి ఆరో వారం చివరి రోజు చుట్టూ ఒక గీత గీయండి. సెకండ్ ఒపీనియన్, కొత్త పరీక్ష, చుట్టాల సలహా అన్నీ ఆ లోపలే పూర్తవ్వాలి.

ఒక్క పేజీ తయారుచేయండి

ఫైలంతా డాక్టరు ముందు పెడితే ఆయన చివరి కాగితం చూసి మాట్లాడతారు. అందుకని ఒక తెల్ల కాగితం మీద నిలువుగా రెండు గడులు గీసి, ఒకవైపు బయాప్సీలో వచ్చినవి, రెండోవైపు ఆపరేషన్ తర్వాత వచ్చినవి రాయండి: గడ్డ సైజు, గ్రేడ్, గ్రంథులు ఎన్ని తీశారు, ఎన్నిట్లో ఉంది, ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ది), హెర్-2, కెఐ-67 (నూటికి ఎన్ని కణాలు పెరిగే పనిలో ఉన్నాయో చెప్పే అంకె). జన్యు పరీక్ష చేయించి ఉంటే దాని స్కోరు కింద రాయండి. వయసు, నెలసరి ఇంకా వస్తోందా లేదా అన్నది పైన పెద్దక్షరాలతో రాయండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇది రాసేటప్పుడు ప్రతి కాగితం మీదా పేరు, వయసు, బయాప్సీ నంబరు చూసుకోండి. మా అక్క శాంపిల్ పంపేటప్పుడు ఫారంలో ఎవరో 46ని 64 అని కొట్టారు. దాంతో కీమో వల్ల లాభం ఎంత అన్న చోట 50 దాటినవాళ్ళ లెక్క వచ్చింది. అక్కే పట్టుకుంది, పిల్లల మార్కుల షీట్లు దిద్దిన అలవాటు. సరిచేయించడానికి నాలుగు రోజులు పట్టింది. గ్రంథుల విషయం తప్పు పడినా ఇంతే, రిపోర్టులో వేరే లెక్క వస్తుంది.

తేడా ఎక్కడుందో గుర్తుపట్టండి

తేడాలన్నీ ఒకే రకం కావు. ఒక్కోదానికి చేయాల్సిన పని ఒక్కోటి.

*బయాప్సీ ఒకటి, ఆపరేషన్ రిపోర్టు ఒకటి.* బయాప్సీ సూదితో తీసింది చిన్న ముక్క. గడ్డంతా ఒకేలా ఉండదు కాబట్టి తేడా రావచ్చు. ఇంకో కారణం ఎవరూ చెప్పరు, ఫార్మలిన్. తీసిన కణజాలం గంట లోపల ఫార్మలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో నానాలి. రొమ్ము మొత్తం తీసినప్పుడు దాన్ని కోసి తెరవకుండా అలాగే డబ్బాలో వేస్తే మందు లోపలిదాకా త్వరగా దిగదు. అప్పుడు ఈఆర్, పీఆర్ ఉన్నా లేనట్టు కనిపించొచ్చు. అందుకని బయాప్సీలో ఈఆర్ పాజిటివ్, ఆపరేషన్ తర్వాత నెగటివ్ అని వస్తే రెండోదే ఫైనల్ అనుకోకండి. "వేరే బ్లాకు మీద ఐహెచ్‌సీ మళ్ళీ చేయిస్తారా?" అని అడగండి. బ్లాకు అంటే మీ కణజాలాన్ని మైనంలో దాచిన ముక్క, ఐహెచ్‌సీ అంటే దానికి రంగు పట్టించి ఈఆర్, పీఆర్, హెర్-2 చూసే పరీక్ష. ఈఆర్ 1 శాతం ఉన్నా పాజిటివ్ అనే రాస్తారు, కానీ 1 నుంచి 10 మధ్య ఉన్నదాన్ని "లో పాజిటివ్" అని విడిగా చూస్తారు. అలాంటి క్యాన్సర్లు చాలావరకు నెగటివ్‌వాటిలాగే నడుస్తాయి. కాబట్టి పాజిటివ్ అన్న మాట ఒక్కటీ చాలదు, ఎంత శాతమో చూడండి.

హెర్-2 దగ్గర "2+" అంటే అవునూ కాదు, కాదూ కాదు. దానికి ఫిష్ పరీక్ష (హెర్-2 జన్యువునే లెక్కపెట్టి చూసేది) చేయించాలి. అది రాకుండా కీమో గురించి ఎవరు ఏం చెప్పినా తొందరపాటే. బయాప్సీలో ఒకటి, ఆపరేషన్‌లో ఒకటి వస్తే మళ్ళీ చేయిస్తారు. నిజంగా పాజిటివ్ అని తేలితే దానికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి మామూలుగా కీమోతో కలిపే ఇస్తారు. ఇక అక్కడ జన్యు పరీక్ష మాటే రాదు.

*గ్రేడ్, కెఐ-67.* ఇవి మనిషి కంటితో చూసి వేసే మార్కులు. గ్రేడ్‌కి మూడు అంశాలుంటాయి: కణాలు గొట్టాల్లా అమరాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 5 దాకా గ్రేడ్ 1, 6 గానీ 7 గానీ వస్తే గ్రేడ్ 2, 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. అంటే రెండుకీ మూడుకీ మధ్య ఉన్నది ఒక్క మార్కు. రిపోర్టులో ఆ మూడు మార్కులూ విడివిడిగా రాస్తారు, చదవండి. 8తో వచ్చిన గ్రేడ్ 3 వేరు, 9తో వచ్చింది వేరు.

కెఐ-67 అయితే మరీను. ఒకే స్లైడు ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే రెండు అంకెలు వస్తాయి. దాని మీద పనిచేసే అంతర్జాతీయ బృందమే 5 శాతం లోపు, 30 శాతం పైన ఉన్నప్పుడు నమ్మొచ్చు, మధ్యలో ఉన్నదాన్ని బట్టి చికిత్స నిర్ణయించొద్దు అంది. బయాప్సీలో 15, ఆపరేషన్‌లో 25 వచ్చిందని నిద్ర పాడుచేసుకోకండి.

*జన్యు పరీక్ష ఒకటి, మామూలు రిపోర్టు ఒకటి.* మా అక్కది ఇదే. గ్రేడ్, సైజు, గ్రంథులు కలిపితే వచ్చేది "జబ్బు ఇప్పటిదాకా ఎంత పెరిగింది, చూడ్డానికి ఎలా ఉంది" అన్నదానికి జవాబు. జన్యు పరీక్ష చెప్పేది "దీని స్వభావం ఏంటి" అన్నదానికి. ఒకే మనిషి గురించి ఒకరు ఎత్తు చెప్తే ఇంకొకరు కోపం గురించి చెప్పినట్టు. రెండూ కావాలి. సగటు తీయడానికి మాత్రం కుదరదు.

*జన్యు పరీక్షలే రెండు, రెండిటికీ పడలేదు.* ఆంకోటైప్ డీఎక్స్‌లో 21 జన్యువులు, మామాప్రింట్‌లో 70, ప్రోసిగ్నాలో 50. బెంగళూరులో చేసే కాన్‌అసిస్ట్ బ్రెస్ట్ జన్యువులను కాక 5 ప్రోటీన్లను చూసి, వాటికి గడ్డ సైజు, గ్రేడ్, గ్రంథులు కలిపి లెక్క వేస్తుంది. ఆంకోటైప్ లెక్కలో హార్మోన్ వైపు జన్యువులకు బరువు ఎక్కువ, ప్రోసిగ్నాలో కణాలు పెరిగే వేగానికి ఎక్కువ. జవాబులు కలవకపోవడం వింతేమీ కాదు. బ్రిటన్‌లో ఆప్టిమా ప్రిలిమ్ అనే అధ్యయనంలో 302 మంది గడ్డల మీద ఐదు పరీక్షలు చేసి చూస్తే, ఐదూ ఒకే మాట చెప్పినవి 39 శాతమే. 2016లో అచ్చయిన సంగతి ఇది. అప్పట్నుంచీ డాక్టర్లకు తెలుసు. మనకే కొత్త.

ఇంటర్నెట్ చదివేవాళ్ళకి ఇంకో చిక్కు. ఆంకోటైప్‌కి పాత హద్దుల ప్రకారం 18 లోపు తక్కువ, 18 నుంచి 30 మధ్యస్థం, 31 నుంచి ఎక్కువ. 2018లో టైలర్‌ఎక్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాక హద్దు 25 అయింది. పాత పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్క స్కోరు 18 పాత లెక్కలో మధ్యస్థం, కొత్త లెక్కలో తక్కువ. ఒక రాత్రంతా నేను ఈ ఒక్క విషయం మీద కొట్టుకున్నాను. మీరు చదివే పేజీ ఏ ఏడాదిదో ముందు చూడండి.

అసలు ఈ పరీక్ష మీకోసమేనా?

ఈ జన్యు పరీక్షలు ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగటివ్, గ్రంథుల్లో లేనివాళ్ళకి లేదా 1 నుంచి 3 గ్రంథుల్లో మాత్రమే ఉన్నవాళ్ళకి. ట్రిపుల్ నెగటివ్‌కి, హెర్-2 పాజిటివ్‌కి, నాలుగూ అంతకంటే ఎక్కువ గ్రంథుల్లో ఉన్నదానికి కీమో వద్దని ఇవి చెప్పలేవు. ఆంకోటైప్‌కి శాంపిల్ అమెరికా వెళ్ళాలి, ఖర్చు లక్షల్లో. చేయించమన్న డాక్టర్ని ఒక్క మాట అడగండి: "స్కోరు ఎంత వస్తే మీరు కీమో ఇస్తారు, ఎంత వస్తే ఇవ్వరు?" ఎంత వచ్చినా ఒకే మాట చెప్పేటట్టుంటే ఆ డబ్బు దాచుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్ళు ఏది స్కీములోకి వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగడం మేలు.

స్లైడ్లు మళ్ళీ చదివించండి

నన్నడిగితే ఇంకో పరీక్ష కొనడం కంటే ఇదే ముఖ్యం, ఖర్చు కూడా చాలా తక్కువ. ఆపరేషన్ అయిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో అర్జీ రాసిస్తే మైనం బ్లాకులు, స్లైడ్లు ఇస్తారు. అవి మీవే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బ్లాకు మీద నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనా చూసుకుని, రిపోర్టు జిరాక్సుతో పాటు తీసుకెళ్ళండి.

ఎక్కడికి? రోజూ రొమ్ము క్యాన్సర్ చూసే పాథాలజిస్టు ఉన్న చోటికి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, నిమ్స్ ఉన్నాయి. విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబై టాటాలో కూడా బయటి స్లైడ్లు చూస్తారు. ప్రయాణం కుదరనివాళ్ళు టాటాతో కలిసి నడిచే నవ్య ఆన్‌లైన్ సేవలో రిపోర్టులు పెట్టి అభిప్రాయం తీసుకోవచ్చు. అయితే వాళ్ళు చూసేది కాగితాలే, స్లైడు కాదు.

అక్క స్లైడ్లు రెండో చోట చూశారు. మొదటి రిపోర్టులో 3, 2, 3 కలిపి 8. రెండో చోట విభజన చెందే కణాలకి 2 వేశారు, మొత్తం 7. గ్రేడ్ 2. ఆ ఒక్క మార్కు ఏం మార్చిందో కింద చూడండి.

నూటికి ఎంతమంది అని అడగండి

"కీమో తీసుకుంటే ముప్పు 30 శాతం తగ్గుతుంది" అని ఎవరైనా అంటే వెంటనే "ఎంతలో 30 శాతం?" అనండి. కీమో లేకుండా నూటికి 10 మందికి తిరగబెట్టేదైతే, కీమోతో 7 మందికి తిరగబెడుతుంది. లాభం ముగ్గురికి. కీమో లేకపోతే ముగ్గురికే తిరగబెట్టేదైతే, లాభం ఒక్కరికి. శాతం అదే, నిర్ణయం వేరే.

ఇక వయసు పెద్దక్షరాలతో ఎందుకు రాయమన్నానో ఇక్కడ తెలుస్తుంది. గ్రంథుల్లో లేనివాళ్ళ మీద జరిగిన టైలర్‌ఎక్స్‌లో 10 వేల మందికి పైగా చేరారు. 50 దాటినవాళ్ళలో స్కోరు 25 దాకా కీమో వల్ల అదనపు లాభం కనిపించలేదు. 50, అంతకంటే తక్కువ వయసువాళ్ళలో 16 నుంచి 20 స్కోరుకి, జబ్బు శరీరంలో వేరే చోట తిరగబెట్టడం తొమ్మిదేళ్ళలో నూటికి సుమారు 1.6 మందికి తగ్గింది. 21 నుంచి 25 అయితే నూటికి సుమారు 6.5 మందికి. తర్వాత 2019లో అదే లెక్కకి గడ్డ సైజునీ గ్రేడ్‌నీ కలిపి చూశారు. గ్రేడ్ 1 అయితే 3 సెంటీమీటర్ల దాకా, గ్రేడ్ 2 అయితే 2 దాకా, గ్రేడ్ 3 అయితే 1 దాకా "తక్కువ ముప్పు", అది దాటితే "ఎక్కువ ముప్పు". 50 లోపు, స్కోరు 16 నుంచి 20 ఉన్నవాళ్ళలో ఎక్కువ ముప్పువాళ్ళకి కీమో వల్ల లాభం నూటికి 6.5 మంది దగ్గర ఉంది. తక్కువ ముప్పువాళ్ళకి లేదు.

అక్క గడ్డ 1.8 సెంటీమీటర్లు. గ్రేడ్ 3 అయితే ఎక్కువ ముప్పు, కీమో ఆలోచించాల్సిందే. గ్రేడ్ 2 అయితే తక్కువ ముప్పు. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు, ఒకరు ఒక కాగితం పట్టుకున్నారు, రెండో ఆయన రెండోది.

గ్రంథుల్లో ఉన్నవాళ్ళ కథ వేరు. 1 నుంచి 3 గ్రంథుల్లో ఉండి, స్కోరు 25 దాకా వచ్చినవాళ్ళ మీద ఆర్ఎక్స్‌పాండర్ అనే అధ్యయనం జరిగింది. నెలసరి ఆగిపోయినవాళ్ళకి కీమో అదనంగా ఏమీ ఇవ్వలేదు. నెలసరి వస్తున్నవాళ్ళలో ఐదేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నది కీమోతో 93.9 శాతం, కీమో లేకుండా 89 శాతం. మామాప్రింట్ మీద జరిగిన మైండాక్ట్ అనే అధ్యయనంలోనూ ఇదే వాలు: పైకి ఎక్కువ ముప్పు, జన్యువుల్లో తక్కువ ముప్పు ఉన్నవాళ్ళలో ఎనిమిదేళ్ళకి కీమో లాభం 50 లోపువాళ్ళకి నూటికి 5 మంది దగ్గర, దాటినవాళ్ళకి దాదాపు సున్నా.

చిన్న వయసువాళ్ళకే ఎందుకు? కీమో అండాశయాలను కూడా ఆపేస్తుంది, ఆ లాభంలో కొంత అందువల్లేనని చాలామంది నిపుణుల అనుమానం. నెలసరిని ఆపడానికి గోసెరిలిన్, ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లు విడిగా ఉన్నాయి. అవి కీమోకి సరిసమానమా అన్నదాని మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. కాబట్టి నెలసరి వస్తున్నవాళ్ళు డాక్టర్ని తప్పకుండా అడగాల్సింది: "కీమో వద్దంటే దాని బదులు నాకు అండాశయాలను ఆపే ఇంజెక్షన్లు ఇస్తారా?" వద్దు అన్న దగ్గర ఆగిపోకండి, బదులుగా ఏమిస్తారో తెలుసుకోండి.

స్కోరు లేనివాళ్ళకి కేంబ్రిడ్జ్‌లో తయారైన ప్రెడిక్ట్ అనే ఉచిత లెక్క ఆన్‌లైన్‌లో ఉంది. వయసు, సైజు, గ్రేడ్ కొడితే నూటికి ఎంతమంది అని బొమ్మలు వేసి చూపిస్తుంది. ఇంట్లో ఒక్కరే కూర్చుని రాత్రిపూట తెరవకండి. డాక్టరు గదిలో, ఆయన్ని పక్కన పెట్టుకుని కొట్టించండి.

తక్కెడలో రెండోవైపు

జుట్టు మళ్ళీ వస్తుంది. అందరూ దాని గురించే మాట్లాడతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎర్రగా ఉండే మందు, అంటే అడ్రియామైసిన్, ఇస్తే గుండె ఎలా ఉందో ముందు ఎకో తీస్తారు. టాక్సేన్ మందులతో అరికాళ్ళు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, షుగర్‌తో ఇప్పటికే మంటలున్నవాళ్ళు ఇది ముందే చెప్పాలి. నాలుగు డోసుల టీసీ (ఒక టాక్సేన్ మందు, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చే కీమో) అయితే 21 రోజులకొకటి, మూడు నెలల లోపు అయిపోతుంది. ఏ మందులు, ఎన్ని డోసులు అన్నది తెలియకుండా "కీమో" అన్న ఒక్క మాటకి భయపడటంలో అర్థం లేదు. పిల్లలు కావాలనుకునే వయసైతే అండాలు దాచుకునే విషయం మొదటి డోసుకి ముందే మాట్లాడాలి, తర్వాత కాదు.

ఎవరు తేల్చాలి

మనిళ్ళల్లో ఇదే కష్టం. డాక్టరు బావతో మాట్లాడతారు, బావ అమెరికాలో కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు అక్కడి స్నేహితుడైన డాక్టరుతో మాట్లాడతాడు. ఒళ్ళు అక్కది, ఆమెకి మాత్రం "నువ్వేం ఆలోచించకు" అంటారు. మేమూ రెండు వారాలు అలాగే చేశాం. ఒకరోజు అక్క ఫైలు లాక్కుని "సంతకం నేను పెట్టాలి కదా, నాకు చదవడం రాదా?" అంది. ఆ తర్వాత పని వేగంగా నడిచింది.

పేషెంటుని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: "నూటికి ఎంతమందికి లాభం ఉంటే నువ్వు కీమోకి ఒప్పుకుంటావు?" ఒకరు ఒక్కరికైనా చాలంటారు. ఇంకొకరు ఐదుగురైనా కావాలంటారు. రెండూ సరైన జవాబులే. ఆ అంకె తెలిశాక డాక్టరు చెప్పే అంకెతో పోల్చుకోవచ్చు. కుదిరితే కేసుని ట్యూమర్ బోర్డులో పెట్టమని అడగండి, సర్జను, ఆంకాలజిస్టు, పాథాలజిస్టు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే సగం తేడాలు అక్కడే విడిపోతాయి.

మూడో జన్యు పరీక్ష చేయిద్దాం అన్న ఆలోచన ఈ దశలోనే వస్తుంది. అది మీకు నచ్చిన జవాబు కోసం వెతకడం. పైన చెప్పిన 39 శాతం గుర్తుంచుకోండి. మూడోది వచ్చి రెండిటినీ కలుపుతుందన్న హామీ లేదు, మధ్యలో రెండు వారాలు పోతాయి.

అక్క కీమో వద్దనుకుంది. మాత్రలు, నెలకో ఇంజెక్షన్. స్కోరు 24 అయ్యుంటే నేనే ఆమెను ఒప్పించి తీసుకెళ్ళేదాన్ని, అక్కా కాదనేది కాదు.

తేల్చుకున్నాక చేయాల్సిన రెండు పనులు

ఏం నిర్ణయించారో, ఎందుకో, ఆ రోజు చేతిలో ఏ అంకెలున్నాయో నాలుగు లైన్లు రాసి తేదీ వేసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. ఆర్నెల్ల తర్వాత ఎవరో చుట్టం వచ్చి "అయ్యో, కీమో ఎందుకు తీసుకోలేదు?" అనో "ఎందుకు తీసుకున్నారు?" అనో అంటారు. అప్పుడు ఆ కాగితం చదివితే చాలు.

రెండోది, బయటికి పంపిన మైనం బ్లాకులు తిరిగి వచ్చాయో లేదో కనుక్కుని తెచ్చుకోండి. ముందు ముందు ఎప్పుడైనా పరీక్ష చేయాలంటే అవే ఆధారం. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, చల్లటి పొడి చోటు చాలు. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి, అది మైనం.